అండమాన్ డైవింగ్‌కి ఏ హార్డ్‌డిస్క్ తీసుకెళ్లాలి? నీటి అడుగున ఫొటోలు తీసేవారు తరచుగా అడిగే ప్రశ్నలు

కెమెరా, హౌసింగ్ (కెమెరాకు నీళ్లు చొరని తొడుగు), లైట్ల గురించి నెలల తరబడి ఆరా తీసి కొన్నవాళ్లు కూడా, ఫొటోలు దాచే డ్రైవ్ దగ్గరికి వచ్చేసరికి ఇంట్లో ఉన్నదేదో బ్యాగులో వేసుకుని బయలుదేరతారు. సముద్రం అడుగున తీసిన ఫొటోను మళ్లీ తీయడం కుదరదు. ఆ తాబేలు, ఆ వెలుగు, ఆ రోజు నీటి తేట మూడూ ఇంకోసారి కలిసిరావు. డైవింగ్‌కి వెళ్లే మిత్రులు పదేపదే అడిగే ప్రశ్నలను అందుకే ఒకచోట చేర్చాను. ఉదాహరణలు ఎక్కువగా అండమాన్‌వి. లక్షద్వీప్‌కి వెళ్లినా, మురుడేశ్వర్ దగ్గరి నేత్రాణికి వెళ్లినా, మాల్దీవుల్లో వారంపాటు బోటులోనే ఉన్నా జాగ్రత్తలు ఇవే.

హార్డ్‌డిస్క్‌ని నీళ్లలోకి తీసుకెళ్లం కదా, నీళ్లు తట్టుకునేదే ఎందుకు కొనాలి?

మనం తీసుకెళ్లకపోయినా నీళ్లే దాని దగ్గరికి వస్తాయి. డైవ్ అయ్యాక బోటెక్కి, తల తుడుచుకోకుండానే హౌసింగ్ విప్పి కార్డు తీస్తాం. జుట్టు నుంచి కారే చుక్క పక్కనే ఉన్న డ్రైవ్ పోర్టులో పడుతుంది. జెట్టీ లేని చోట డుంగీ, అంటే చిన్న పడవ, దిగి, మోకాలి లోతు నీళ్లలో బ్యాగు భుజాన వేసుకుని ఒడ్డుకు నడుస్తాం. గాలి పెరిగిన రోజు బోటులో పొడిగా ఉన్న మూల అంటూ ఉండదు. ఫెర్రీ టైమవుతోందని తడి వెట్‌సూట్, టవల్, చార్జర్లు, డ్రైవ్ అన్నీ ఒకే సంచిలో కుక్కేవాళ్లను చాలామందిని చూశాను.

నీటికన్నా ఎక్కువ చెరుపు చేసేది ఉప్పు. మంచినీటి చుక్క పూర్తిగా ఆరిపోతే చాలావరకు గండం గడిచినట్టే. సముద్రపు చుక్క ఆరినా ఉప్పు అక్కడే ఉండిపోతుంది. అది గాలిలోని తేమను మళ్లీ మళ్లీ లాక్కుంటుంది. యూఎస్‌బీ సీ పోర్టులో ఆ చిన్న సందులోనే 24 పిన్నులు ఉంటాయి. వాటి మధ్య ఉప్పుతడి ఉండగా కేబుల్ గుచ్చితే, ఆ తడి గుండా కరెంటు పారి పిన్నులను తినేయడం మొదలుపెడుతుంది. డ్రైవ్ ఆ రోజు బాగానే పనిచేస్తుంది. రెండు వారాల తరువాత ఇంట్లో పెడితే ఒకసారి కనిపిస్తుంది, ఒకసారి కనిపించదు.

ఐపీ55, ఐపీ65, ఐపీ67, ఐపీ68 అంటే ఏమిటి? ఏది చాలు?

ఐపీ అంటే ఆ వస్తువు దుమ్మును, నీటిని ఎంతవరకు ఆపుతుందో చెప్పే రేటింగ్. మొదటి అంకె దుమ్ము గురించి, రెండోది నీటి గురించి. మొదటి అంకె 6 అయితే దుమ్ము అసలు లోపలికి పోదు, 5 అయితే కాస్త పోయినా పని చెడదు. బీచ్ ఇసుక ముందు 6 ఉంటే మనసుకు నిశ్చింత. రెండో అంకె 5 అయితే ఏ వైపు నుంచి నీటిధార కొట్టినా తట్టుకుంటుంది. 7 అయితే మీటరు లోతు నీళ్లలో 30 నిమిషాలు మునిగినా తట్టుకుంటుంది. 8 అయితే అంతకన్నా కఠినమైన పరీక్ష అన్నమాటే, కానీ ఎంత లోతు, ఎంత సేపు అన్నది కంపెనీయే చెప్పాలి. కాబట్టి ఐపీ68 అని కనిపిస్తే పక్కన మీటర్లు, నిమిషాలు కూడా చదవండి.

డబ్బా మీద రాయని సంగతులు మూడు. ఈ పరీక్షలు చేసేది మంచినీటితో. ఉప్పునీటి వల్ల పట్టే తుప్పు గురించి ఆ అంకెలు ఏమీ చెప్పవు. రెండు, కేబుల్ పెట్టి వాడుతున్నప్పుడు తడిస్తే ఆ హామీ వర్తించదు. మూడు, కొన్ని మోడళ్లకు పోర్టు మీద రబ్బరు మూత ఉంటుంది, ఆ మూత గట్టిగా మూసి ఉంటేనే ఆ రేటింగ్. అడాటా హెచ్‌డీ710 ప్రో అలాంటిదే. మూత ఎక్కడ సడలిందో చూసుకోకుండా ఐపీ68 అనుకుని ధైర్యంగా ఉండకూడదు.

కొన్ని ఉదాహరణలు (ఎస్‌ఎస్‌డీ అంటే తిరిగే పళ్లెం లేకుండా చిప్పుల్లోనే దాచే డ్రైవ్): శాంసంగ్ టీ7 షీల్డ్‌కి ఐపీ65, క్రూషియల్ ఎక్స్9 ప్రో, ఎక్స్10 ప్రోలకు ఐపీ55, లాసీ రగ్డ్ ఎస్‌ఎస్‌డీకి ఐపీ67, శాన్‌డిస్క్ ప్రొఫెషనల్ ప్రో-జీ40కి ఐపీ68. లాసీ విషయంలో ఒక్కటి గమనించండి. నారింజ రంగు రబ్బరు తొడుగు చూసి అన్నీ ఒకటే అనుకుంటారు. లోపల తిరిగే డిస్క్ ఉన్న రగ్డ్ మినీకి ఐపీ67 లేదు, అది ఎస్‌ఎస్‌డీ మోడల్‌కే.

రిసార్ట్‌లో ఉంటూ రోజూ బోటులో వెళ్లొచ్చేవారికి, డ్రైవ్‌ను గదిలోనే వదిలి వెళ్లేవారికి ఐపీ55 కూడా సరిపోతుంది. డ్రైవ్ మీతోపాటు డుంగీ ఎక్కుతుందంటే ఐపీ67 తీసుకోండి. అంతకుమించి ఐపీ68 కోసమే అదనంగా డబ్బు పెట్టడం నా దృష్టిలో అనవసరం. ఆ డబ్బుతో రెండో డ్రైవ్ కొనుక్కుంటే ఎక్కువ మేలు.

ఎస్‌ఎస్‌డీయా, మామూలు హార్డ్‌డిస్కా? ధరలో చాలా తేడా ఉంది.

ప్రయాణంలోకి ఎస్‌ఎస్‌డీ, ఇంట్లోకి హార్డ్‌డిస్క్. దీనిలో నాకు సందేహం లేదు.

మామూలు హార్డ్‌డిస్క్ లోపల పళ్లెం గిర్రున తిరుగుతుంటే, చదివే తల దానికి కొన్ని నానోమీటర్ల ఎత్తులో గాలి పొర మీద తేలుతూ ఉంటుంది. బల్ల మీద కదలకుండా ఉంటే ఏళ్ల తరబడి పనిచేస్తుంది. ఊగే బోటులో, ఇంజను అదురుతుండగా, లైఫ్‌జాకెట్ మీద పెట్టి కాపీ చేస్తుంటే ఆ తల పళ్లానికి తగిలే ప్రమాదం ఉంది. తగిలితే ఆ చోట ఉన్న ఫైళ్లు పోయినట్టే. రగ్డ్ అని రాసి ఉన్న హార్డ్‌డిస్కులకు రబ్బరు తొడుగు ఉంటుంది, కింద పడినా తట్టుకుంటాయని రాస్తారు. అది చాలావరకు ఆగి ఉన్నప్పటి సంగతి. తిరుగుతున్నప్పుడు పడితే ఆ తొడుగు ఎంత కాపాడుతుందో ఎవరూ హామీ ఇవ్వరు.

ఎస్‌ఎస్‌డీలో కదిలే భాగాలు లేవు. టీ7 షీల్డ్, లాసీ రగ్డ్ ఎస్‌ఎస్‌డీ 3 మీటర్ల ఎత్తు నుంచి పడినా తట్టుకుంటాయని కంపెనీలు చెబుతున్నాయి, ఎక్స్9 ప్రోకి అది 2.3 మీటర్లు. బల్ల మీద నుంచో చేతిలోంచో జారి పడటానికి ఇవన్నీ ఎక్కువే. జీబీకి పెట్టే ధర ఎక్కువన్నది నిజమే కాబట్టి ఎన్ని టీబీ కావాలో లెక్క వేసుకునే కొనాలి.

నాకు ఎన్ని టీబీ కావాలి?

వీడియో తీస్తారా, తీస్తే ఏ సెట్టింగులో తీస్తారు అన్నదాన్ని బట్టి. కెమెరా మెనూలో బిట్‌రేట్ ఎంబీపీఎస్‌లో, అంటే సెకనుకు ఎన్ని మెగాబిట్లు అన్న లెక్కలో, ఉంటుంది. దాన్ని 8తో భాగిస్తే సెకనుకు ఎన్ని ఎంబీ రాస్తుందో వస్తుంది. 100 ఎంబీపీఎస్ అంటే సెకనుకు 12.5 ఎంబీ, గంటకు 45 జీబీ.

రోజుకు మూడు డైవ్‌లు, ఒక్కో దానిలో 20 నిమిషాల రికార్డింగ్ అనుకుందాం. గోప్రో హీరో 12లో గరిష్ఠంగా 120 ఎంబీపీఎస్ పెట్టి తీస్తే రోజుకు 54 జీబీ, ఐదు రోజులకు 270 జీబీ. అదే పెద్ద కెమెరాలో, ఉదాహరణకు సోనీ ఏ7 4లో, 4కే 60 ఫ్రేములు 600 ఎంబీపీఎస్‌లో తీస్తే గంటకు 270 జీబీ, ఐదు రోజులకు 1.35 టీబీ. ఫొటోలు మాత్రమే తీసేవారికి ఇంత అక్కర్లేదు. రా (RAW) ఫైలు, అంటే కెమెరా మార్పులు చేయకుండా దాచే ఫొటో, ఒక్కోటి 40 ఎంబీ అనుకుని, రోజుకు 400 తీసినా 16 జీబీయే. ఒలింపస్ టీజీ కెమెరాలతో, అంటే 12 మెగాపిక్సెల్ వాటితో తీసేవారికైతే ఇంకా తక్కువ.

కాబట్టి గోప్రో, టీజీ కెమెరాల వారికి 1 టీబీ ధారాళంగా సరిపోతుంది. ఫొటోలతోపాటు మామూలు 4కే వీడియో తీసేవారు 2 టీబీ, ఎక్కువ బిట్‌రేట్‌లో తీసేవారు 4 టీబీ చూసుకోండి. 1 టీబీ డ్రైవ్ విండోస్‌లో 931 జీబీగా కనిపిస్తుంది, అది లోపం కాదు, లెక్కపెట్టే పద్ధతిలో తేడా. నిండా నింపితే చాలా ఎస్‌ఎస్‌డీలు రాయడంలో మందగిస్తాయి, అందుకని పావు వంతు ఖాళీ ఉండేలా కొనండి.

ఒక 4 టీబీ కొననా, రెండు 2 టీబీలు కొననా?

రెండు కొనండి. ఈ పేజీలో మిగతావన్నీ మరిచిపోయినా ఇది ఒక్కటి పాటించండి.

ఎంత గట్టి డ్రైవ్ అయినా పోగొట్టుకుంటే పోయినట్టే. అది నీటిలో పడిపోవచ్చు, ఫెర్రీలో మరిచిపోవచ్చు, లోపలి చిప్పు ఏ కారణం లేకుండా ఆగిపోవచ్చు. ఐపీ రేటింగ్ వీటిలో దేన్నీ ఆపలేదు. ఒకే ఫొటో రెండు డ్రైవ్‌లలో, రెండు వేర్వేరు బ్యాగుల్లో, వీలైతే ఇద్దరు వేర్వేరు మనుషుల దగ్గర ఉంటేనే భద్రం. శ్రీ విజయపురం నుంచి, అంటే 2024 దాకా మనం పోర్ట్ బ్లెయిర్ అన్న ఊరి నుంచి, హావ్‌లాక్ దీవికి వెళ్లే ఫెర్రీల్లో పెద్ద బ్యాగులన్నీ ఒకచోట పేరుస్తారు. మీరు సీటులో, సామాను ఇంకెక్కడో. ఒక డ్రైవ్ ఎప్పుడూ ఒంటి మీద ఉండే చిన్న సంచిలో ఉండాలి, రెండోది పెద్ద బ్యాగులో లేదా తోటి డైవర్ బ్యాగులో.

రెండూ వేర్వేరు కంపెనీలవైతే ఇంకా మంచిది. 2023లో శాన్‌డిస్క్ ఎక్స్‌ట్రీమ్, ఎక్స్‌ట్రీమ్ ప్రో శ్రేణిలోని కొన్ని డ్రైవ్‌లు ఉన్నట్టుండి ఆగిపోతున్నాయని ఫిర్యాదులు వచ్చి, అప్పటి మాతృసంస్థ వెస్టర్న్ డిజిటల్ ఫర్మ్‌వేర్ అప్‌డేట్ విడుదల చేసింది. ఒకే మోడల్ రెండు కొన్నవారికి రెండింటిలోనూ ఒకే ఇబ్బంది తలెత్తే అవకాశం ఉంటుంది. ఆ భయం వేర్వేరువి కొంటే తగ్గుతుంది.

బడ్జెట్ చాలకపోతే ఒకటి రగ్డ్, రెండోది మామూలు ఎస్‌ఎస్‌డీ తీసుకుని, ఆ మామూలు దాన్ని గది దాటించకండి.

సెకనుకు 1,000 ఎంబీ, 2,000 ఎంబీ అని రాస్తారు. వేగమైనదే కొనాలా?

చాలామందికి అక్కర్లేదు. మీ డ్రైవ్ ఎంత వేగమైనదైనా కార్డు ఇచ్చినంతే తీసుకుంటుంది. మామూలు యూహెచ్‌ఎస్-1 ఎస్‌డీ కార్డు సెకనుకు 100 ఎంబీకి అటూ ఇటూ ఇస్తుంది. 128 జీబీ కార్డు నిండుగా ఉంటే కాపీకి సుమారు 25 నిమిషాలు పడుతుంది, డ్రైవ్ వేగం 1,000 అయినా 2,000 అయినా. ఇంకా వేగమైన సీఎఫ్ఎక్స్‌ప్రెస్ కార్డులు వాడేవారికే తేడా తెలుస్తుంది. పైగా 2,000 వేగం రావాలంటే లాప్‌టాప్‌లో యూఎస్‌బీ 3.2 జెన్ 2x2 పోర్టు ఉండాలి. చాలా లాప్‌టాప్‌లలో అది లేదు, మ్యాక్‌లలో ఆ డ్రైవ్‌లు సాధారణంగా సగం వేగంతోనే నడుస్తాయి.

డబ్బా మీది వేగంకన్నా ముఖ్యమైనది, ఆ వేగం ఎంతసేపు నిలుస్తుందన్నది. చవక డ్రైవ్‌లలో క్యూఎల్‌సీ రకం చిప్పులు వాడతారు. మొదటి కొన్ని పదుల జీబీలు జోరుగా ఎక్కించుకుని, ఆ తరువాత ఒక్కసారిగా చతికిలబడతాయి. 200 జీబీ వీడియో ఎక్కించేవారికి అర్ధరాత్రి అయిపోతుంది. కొనేముందు దానికన్నా నిలకడైన టీఎల్‌సీ రకం చిప్పులేనా అని అడగండి, లేదా పెద్ద ఫైళ్లతో పరీక్షించిన రివ్యూ చదవండి.

కేబుల్ ఏదైనా ఒకటేనా?

కాదు. ఫోన్ చార్జర్‌తో వచ్చే యూఎస్‌బీ సీ కేబుళ్లు చాలావరకు యూఎస్‌బీ 2.0వే, వాటితో సెకనుకు 40 ఎంబీ దాటదు. డ్రైవ్‌తో వచ్చిన పొట్టి కేబులే వాడండి, అలాంటిదే ఇంకొకటి కొని డ్రైవ్‌తో కాకుండా విడిగా పెట్టుకోండి. ఉప్పు ముందుగా పట్టేది కేబుల్ మొనకే, ప్రయాణాల్లో అన్నిటికన్నా ముందు చెడేదీ అదే.

హావ్‌లాక్‌లో, పక్కనున్న నీల్ దీవిలో సరైన కేబుల్ దొరుకుతుందన్న ఆశ పెట్టుకోకండి. మరిచిపోయి వచ్చారంటే శ్రీ విజయపురంలోని అబర్డీన్ బజార్‌లోనే చూసుకుని ఫెర్రీ ఎక్కండి. అక్కడ తెలుగులో అడిగినా జవాబు రావచ్చు. 2011 జనాభా లెక్కల్లో అండమాన్ నికోబార్ దీవుల్లో బెంగాలీ, హిందీ, తమిళం తరువాత ఎక్కువమంది మాతృభాష తెలుగే.

లాప్‌టాప్ తీసుకెళ్లను, ఫోన్ ఒక్కటే ఉంటుంది. కుదురుతుందా?

కుదురుతుంది. యూఎస్‌బీ సీ ఉన్న ఫోనుకు ఒక చిన్న హబ్ పెట్టి, దానికి కార్డు రీడర్, డ్రైవ్ రెండూ తగిలించి ఫైల్స్ యాప్‌లో కాపీ చేయొచ్చు. ఐఫోన్ 15 ప్రోలో పోర్టు వేగమైనది, మామూలు ఐఫోన్ 15లో యూఎస్‌బీ 2.0 వేగమే. ఫోను నుంచి డ్రైవ్‌కు చాలినంత పవర్ అందక మధ్యలో డిస్‌కనెక్ట్ అవుతుంటే, చార్జర్ కూడా తగిలించే వీలున్న హబ్ తీసుకోండి. ఇదంతా ఇంట్లో ఒకసారి చేసి చూసి వెళ్లాలి. దీవిలో మొదటిసారి ప్రయత్నిస్తే డైవింగ్‌కన్నా ఈ టెన్షనే ఎక్కువవుతుంది. వీడియో ఎక్కువ తీసేవారు లాప్‌టాప్ బరువు మోయడమే మేలు.

ఏ ఫార్మాట్ పెట్టాలి?

విండోస్, మ్యాక్ రెండింట్లోనూ వాడాలంటే ఎక్స్‌ఫ్యాట్. ఫ్యాట్32 వద్దు, 4 జీబీ దాటిన ఫైలు దానిలో పట్టదు. ఎక్స్‌ఫ్యాట్‌కు ఒక బలహీనత ఉంది: రాస్తుండగా కేబుల్ లాగేస్తే ఫోల్డర్ల పట్టికే చెడిపోవచ్చు. విండోస్ సొంత ఎన్‌టీఎఫ్‌ఎస్, మ్యాక్ సొంత ఏపీఎఫ్‌ఎస్ ఇలాంటి దెబ్బకు ఎక్కువ తట్టుకుంటాయి. అందుకే మీ ఇంట్లో, మీ బృందంలో అందరిదీ ఒకే రకం కంప్యూటర్ అయితే దాని సొంత ఫార్మాట్ పెట్టుకోండి. ఏదైనా సరే, ఎజెక్ట్ చేశాకే కేబుల్ తీయాలి.

రోజూ ఫొటోలు ఎలా ఎక్కించుకోవాలి? బోటులోనే చేయొచ్చా?

బోటులో వద్దు. రెండు డైవ్‌ల మధ్య గంట ఖాళీ దొరుకుతుంది కాబట్టి ఆ పని కానిచ్చేద్దామనిపిస్తుంది. చేతులు తడిగా ఉంటాయి, పైన ఎండ, చుట్టూ ఉప్పుగాలి. అప్పటికి కార్డు నిండితే ఇంకో కార్డు వేసుకోండి. పెద్ద కార్డు ఒకటి కాకుండా 64, 128 జీబీలవి నాలుగైదు ఉంటే ఈ ఒత్తిడే ఉండదు. ఆవకాయ జాడీలో తడి గరిటె పెట్టనివ్వని ఇళ్లలో పెరిగినవాళ్లం, డ్రైవ్ దగ్గర కూడా అంతే పట్టింపు ఉండాలి.

గదికి చేరి, స్నానం చేసి, చేతులు పొడిగా తుడుచుకుని కూర్చోండి. హౌసింగ్‌ను మంచినీళ్లలో నానబెట్టి, పైన బాగా ఆరాకే విప్పండి. తారీఖు, డైవ్ పేరుతో ఫోల్డర్ పెట్టి కార్డు నుంచి మొదటి డ్రైవ్‌కు, మళ్లీ అదే కార్డు నుంచి రెండో డ్రైవ్‌కు ఎక్కించండి. మొదటి డ్రైవ్ నుంచి రెండోదానికి ఎక్కిస్తే, మొదటిసారి కాపీలో తప్పు జరిగి ఉంటే అదే తప్పు రెండోదానికీ చేరుతుంది. కట్ చేసి పేస్ట్ చేయడం అసలు వద్దు, కాపీయే చేయండి.

సరిగ్గా ఎక్కాయో లేదో చూసుకోవడానికి ఫోల్డర్ సైజు పోల్చడం కనీస జాగ్రత్త. విండోస్‌లో టెరాకాపీ లాంటి ప్రోగ్రామ్ వాడితే, కాపీ అయ్యాక రెండు వైపులా ఫైళ్లను మళ్లీ చదివి పోల్చి చెబుతుంది. సమయం ఇంకొంత పడుతుంది, అయినా చేయించండి. ఆ తరువాత డ్రైవ్ నుంచే ఒక వీడియో తెరిచి మధ్యలోకి జరిపి చూడండి.

కరెంటు పోతుందేమోనన్న భయం ఉన్నచోట లాప్‌టాప్ బ్యాటరీ నిండుగా ఉంచుకునే మొదలుపెట్టండి.

కార్డు ఎప్పుడు ఫార్మాట్ చేయాలి?

రెండు డ్రైవ్‌లలోనూ కాపీ ఉండి, రెండూ తెరిచి చూశాక. వీలైతే ప్రయాణం మొత్తానికి సరిపడా కార్డులు తీసుకెళ్లి, ఇంటికి వచ్చేదాకా ఒక్కటీ ఫార్మాట్ చేయకండి. అప్పుడు మీ దగ్గర మూడు కాపీలు ఉన్నట్టు.

ఏసీ గదిలోంచి బయటికి తెస్తే డ్రైవ్ చెమరుస్తోంది. ఏం చేయాలి?

చల్లబడిన వస్తువును తేమ గాలిలోకి తెస్తే దాని మీద నీరు పేరుకుంటుంది. కెమెరా లెన్సు మీద పొగమంచులా కనిపిస్తుంది కాబట్టి అందరికీ తెలుస్తుంది, డ్రైవ్ పోర్టులో పట్టింది మాత్రం కంటికి కనబడదు. గదిలో ఉండగానే జిప్‌లాక్ కవరులో పెట్టి గాలి తీసేసి మూయండి. బయటికి తెచ్చాక అరగంట అలాగే ఉంచితే తేమ కవరు పైన పడుతుంది, డ్రైవ్ మీద కాదు. లోపల సిలికా జెల్ పొట్లం వేయండి. నారింజ రంగు గింజలు ఆకుపచ్చగా మారితే తేమ నిండినట్టు, ఆరబెట్టాలి లేదా మార్చాలి.

డ్రైవ్ మీద సముద్రపు నీళ్లు పడ్డాయి. ఇప్పుడేం చేయాలి?

మొదట చేయకూడనిది: పనిచేస్తోందా అని చూడటానికి కేబుల్ పెట్టకండి. అప్పటికే కేబుల్ ఉంటే వెంటనే తీసేయండి. ఎజెక్ట్ కోసం కూడా ఆగొద్దు. ఎజెక్ట్ చేశాకే తీయాలన్న నియమానికి ఇది ఒక్కటే మినహాయింపు.

ఐపీ65 లేదా ఆపై రేటింగ్ ఉన్న డ్రైవ్ అయితే, ఉప్పు ఆరకముందే పోర్టుతో సహా మంచినీళ్లతో మెల్లగా కడగండి. తాగే నీళ్ల బాటిల్ చాలు. వినడానికి భయంగా ఉంటుంది గానీ, ఎండిపోయిన ఉప్పుకన్నా మంచినీరే నయం. పోర్టు కిందికి ఉండేలా పట్టుకుని అరచేతిలో తట్టి నీరు దులపండి. మెత్తటి గుడ్డతో తుడిచి, సిలికా జెల్ ఉన్న డబ్బాలో కనీసం ఒక రోజు, వీలైతే రెండు రోజులు ఉంచండి. ఫ్యాన్ గాలి ఫర్వాలేదు. హెయిర్ డ్రయర్ వేడి, మండుటెండ వద్దు.

బియ్యంలో పెట్టే అలవాటు మానేద్దాం. బియ్యపు పొడి పోర్టులోకి చేరి ఇంకో తలనొప్పి అవుతుంది. ఫోన్ల విషయంలో 2024లో ఆపిల్ కూడా బియ్యం వద్దనే చెప్పింది.

రేటింగ్ లేని డ్రైవ్ లోపలికే నీళ్లు పోయి ఉంటే ఇంట్లో విప్పి ప్రయోగాలు చేయొద్దు. పవర్ ఇవ్వకుండా, ఉప్పునీటిలో తడిసిందన్న మాట స్పష్టంగా చెప్పి డేటా రికవరీ వారికి ఇవ్వండి. ఎంత త్వరగా ఇస్తే అంత ఆశ. ఈ రెండు రోజులూ మీ టెన్షన్ తగ్గించేది రెండో డ్రైవ్ ఒక్కటే.

రబ్బరు తొడుగు ఉన్న డ్రైవ్ బాగా వేడెక్కుతోంది. ప్రమాదమా?

రాస్తున్నప్పుడు వెచ్చబడటం మామూలే. వేడి ఎక్కువైతే డ్రైవ్ తనంతట తానే వేగం తగ్గించుకుంటుంది. టీ7 షీల్డ్‌ను 60 డిగ్రీల దాకా వాడొచ్చని కంపెనీ చెబుతుంది, కొన్ని డ్రైవ్‌లకు ఆ హద్దు 45 డిగ్రీలే. దిండు మీద, దుప్పటి మీద పెట్టి కాపీ చేయకండి. బోటు పైకప్పు మీద ఎండలో వదిలేయడం అన్నిటికన్నా చెడ్డ అలవాటు.

విమానంలో చెక్-ఇన్ బ్యాగులో వేయొచ్చా? ఎక్స్‌రేతో డేటా పోతుందా?

ఎక్స్‌రే వల్ల ఎస్‌ఎస్‌డీకి గానీ, కార్డుకు గానీ ఏమీ కాదు. డ్రైవ్‌లో బ్యాటరీ ఉండదు కాబట్టి చెక్-ఇన్‌లో వేసినా నిబంధన అడ్డురాదు. ఒకటి చెక్-ఇన్‌లో, ఒకటి చేతి బ్యాగులో వేసుకోండి, కార్డులు జేబులో పెట్టుకోండి. పవర్‌బ్యాంకు, కెమెరా విడి బ్యాటరీలు, టార్చి విడి బ్యాటరీలు మాత్రం చేతి బ్యాగులోనే ఉండాలి. దేశీయ విమానాల్లో 7 కిలోల హద్దు హౌసింగ్‌తోనే నిండిపోతుంది, ఎస్‌ఎస్‌డీ వంద గ్రాములకు అటూ ఇటూ ఉండటం అక్కడ కలిసొస్తుంది.

ఇప్పుడు అండమాన్‌లో ఇంటర్నెట్ బాగుందంటున్నారు, క్లౌడ్‌లో పెట్టేస్తే సరిపోదా?

ఒకప్పటితో పోలిస్తే చాలా మెరుగు. చెన్నై నుంచి సముద్రం అడుగున సుమారు 2,300 కిలోమీటర్ల ఆప్టికల్ ఫైబర్ కేబుల్ వేసి 2020 ఆగస్టు 10న ప్రారంభించారు. అది హావ్‌లాక్‌కూ చేరింది. లక్షద్వీప్‌కు కొచ్చి నుంచి అలాంటి కేబుల్ 2024 జనవరిలో వచ్చింది. దీవిదాకా కేబుల్ వచ్చినంత మాత్రాన మీ రిసార్ట్ వైఫైకి ఆ వేగం రాదు. అప్‌లోడ్ 5 ఎంబీపీఎస్ వస్తే 50 జీబీ ఎక్కడానికి 22 గంటలు పైనే. రోజుకు ఏరిన ఇరవై, ముప్పై ఫొటోలు క్లౌడ్‌కి పంపండి, అవి మూడో కాపీగా పనికొస్తాయి. వీడియోలను దాని మీద వదలకండి.

రుషికొండలో ఒక్కరోజు డైవ్ చేస్తున్నాను, నాకూ ఇవన్నీ కావాలా?

వద్దు. రెండు కార్డులు తీసుకెళ్లి, సాయంత్రం ఇంటికి వచ్చి ఎక్కించుకోండి.

ఆన్‌లైన్‌లో 16 టీబీ ఎస్‌ఎస్‌డీ రెండు వేలకే కనిపిస్తోంది. కొనొచ్చా?

అది నకిలీ. లోపల చిన్న మెమరీ కార్డు పెట్టి, 16 టీబీ అని కంప్యూటర్‌కు అబద్ధం చెప్పేలా మార్చి అమ్ముతారు. ఫైళ్లు ఎక్కినట్టే కనిపిస్తాయి, నిజంగా ఉన్న చోటు నిండాక పాతవాటి మీదే కొత్తవి పడతాయి. సముద్రం నుంచి తిరిగొచ్చి తెరిచినప్పుడు గానీ ఆ సంగతి బయటపడదు.

అసలైనదని నమ్మకం ఉన్నా, కొన్న వారంలోనే నిండా రాసి చదివి చూసే పరీక్ష చేయండి. విండోస్‌లో హెచ్2టెస్ట్‌డబ్ల్యూ, మ్యాక్‌లో, లినక్స్‌లో ఎఫ్3 ఉచితంగా దొరుకుతాయి. ప్రయాణానికి కనీసం నెల ముందు కొంటే, ఏదైనా తేడా వస్తే మార్చుకునే వ్యవధి ఉంటుంది.

వారంటీ ఉంది కదా, డేటా పోతే వాళ్లే తీసిస్తారా?

వారంటీ అంటే కొత్త డ్రైవ్ ఇస్తారు, అంతే. నీళ్ల వల్ల చెడిందంటే అదీ ఇవ్వకపోవచ్చు, షరతులు చదవండి. లాసీ, సీగేట్ కొన్ని మోడళ్లతో డేటా రికవరీ సేవను కలిపి ఇస్తాయి. మన దేశంలో మీరు కొంటున్న మోడల్‌కు అది వర్తిస్తుందా అని డబ్బా మీద చూసుకోండి.

పాస్‌వర్డ్ పెట్టుకోవాలా?

కుటుంబం ఫొటోలో, డబ్బు తీసుకుని తీసిన పెళ్లి షూటో అదే డ్రైవ్‌లో ఉంటే పెట్టండి. డైవ్ ఫొటోలు మాత్రమే ఉంటే నేను పెట్టమని చెప్పను. డ్రైవ్ దొరికినవాళ్లు తెరిచి చూసి తిరిగి ఇవ్వగలిగితే మంచిది. మీ పేరు, ఫోన్ నంబరు రాసిన ఒక టెక్స్ట్ ఫైలు లోపల, ఒక స్టిక్కర్ పైన పెట్టండి.

ఇంటికి వచ్చాక ఫొటోలను ఆ ఎస్‌ఎస్‌డీలోనే ఉంచేయొచ్చా?

కొన్నాళ్లు ఉంచొచ్చు, ఏళ్ల తరబడి బీరువాలో వద్దు. పవర్ లేకుండా పడి ఉంటే ఎస్‌ఎస్‌డీ చిప్పుల్లోని చార్జ్ మెల్లగా తగ్గుతూ ఉంటుంది. రాసే ఆయుష్షు పూర్తిగా అయిపోయిన మామూలు ఎస్‌ఎస్‌డీ కూడా 30 డిగ్రీల వద్ద ఒక ఏడాది డేటా నిలపాలన్నది చిప్పుల ప్రమాణాలు నిర్ణయించే జెడెక్ సంస్థ పెట్టిన ప్రమాణం. కొత్త డ్రైవ్ అంతకన్నా ఎక్కువే నిలుపుతుంది, అయినా మన ఎండాకాలం గదులు 30 దగ్గర ఆగవు.

ఇంట్లో కదలకుండా ఉండే పెద్ద హార్డ్‌డిస్కు ఒకటి పెట్టుకుని దానిలోకి మార్చండి. ఇంకో కాపీ వేరే ఇంట్లో, అన్నదమ్ముల దగ్గరో స్నేహితుల దగ్గరో ఉంచండి. అది పూర్తయ్యాకే ఎస్‌ఎస్‌డీలు ఖాళీ చేయండి. పోర్టు మీద 99 శాతం ఐసోప్రొపైల్ ఆల్కహాల్ అద్దిన మెత్తటి బ్రష్షుతో ఒకసారి తుడిచి, ఆరాక సిలికా జెల్ ఉన్న డబ్బాలో పెట్టి, మూడు నాలుగు నెలలకోసారి కంప్యూటర్‌కు తగిలించి చూడండి.